తీరిక లేని జీవితం, నిండని మనసు

 



మా చిలుకూరు కోదాడ నుంచి హుజూర్‌నగర్ వెళ్లే దారిలో ఉంది. వరికోతల రోజుల్లో ఈ రోడ్డుకు రాత్రి, పగలు తేడా ఉండదు. కోత మిషన్లు, ధాన్యం ట్రాక్టర్లు, మిల్లులకు పోయే లారీలు తిరుగుతూనే ఉంటాయి. రోడ్డు అంచున ఆరబోసిన వడ్ల పక్కనే మనుషులు పడుకుంటారు. అలాంటి రోజుల్లో ఒక జుమా నాడు, నమాజు ముగిసి జనం వెళ్లిపోయాక, ఒక సోదరుడు వచ్చి మా పక్కన కూర్చున్నాడు. కోత మిషన్లు, ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్ అతను. కాసేపు తల వంచుకొని ఉండి, తర్వాత ఇలా అన్నాడు:

"మౌలానా సాబ్! ఒకప్పుడు పని లేక ఏడ్చాను. ఇప్పుడు అన్నం తినడానికి ఫుర్సత్ లేదు. అల్లాహ్ దయవల్ల అప్పులు తీరాయి. ఇల్లు కట్టుకున్నాను. నమాజు కూడా వదలడం లేదు. కానీ రాత్రి పడుకుంటే లోపల ఏదో ఖాళీగా ఉంటుంది. ఎందుకంటారు?"

మేము అతనికి జిక్ర్ పెంచమని చెప్పాం. రోజూ కొంత ఖుర్ఆన్ చదవమని చెప్పాం. అతను తల ఊపి, సలాం చెప్పి వెళ్లిపోయాడు. మేము చెప్పినది తప్పు కాదు. అల్లాహ్ స్మరణతోనే హృదయాలకు నెమ్మది దొరుకుతుందని దివ్య ఖుర్ఆన్ (13:28) తెలియజేస్తోంది. కానీ మా జవాబు సగమే. మిగతా సగం మాకు కూడా అప్పటికి తెలియదు. తర్వాత మేము ఒక తప్పు చేసి, దాని బరువు మోసిన తర్వాత తెలిసింది. ఆ సోదరునికి అప్పు పడిన ఆ సగం జవాబే ఈ వ్యాసం.

పని పాపం కాదు

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. పనిలో మునిగి ఉండటం దైవభక్తికి విరుద్ధమని కొందరు భావిస్తారు. అది సరికాదు. మక్కా నుంచి కట్టుబట్టలతో మదీనాకు వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు, మదీనా వాసి అయిన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దానికి కృతజ్ఞతతో దుఆ చేసి, బజారు ఎటు ఉందో చూపమని మాత్రమే అడిగారు. జున్ను, నెయ్యి వ్యాపారంతో మొదలుపెట్టి తన కాళ్ల మీద తాను నిలబడ్డారు. ఈ విషయం బుఖారీలో ఉంది.

దివ్య ఖుర్ఆన్‌లోని జుమా సూరా (62:9-10)ను గమనించండి. అజాన్ వినగానే వ్యాపారం వదిలి రమ్మంటుంది. నమాజు ముగిశాక భూమి మీద చెదిరిపోయి దేవుని అనుగ్రహాన్ని వెతుక్కోమంటుంది. భార్య నోటికి అందించే ముద్దకు కూడా ప్రతిఫలం ఉందని దైవప్రవక్త (స) హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు తెలియజేశారు. కాబట్టి దుకాణం తెరవడం, ఆటో నడపడం, కుట్టుమిషన్ తొక్కడం, మిల్లులో బస్తాలు మోయడం, ఆఫీసులో ఫైళ్లు చూడటం, ఇవన్నీ ధర్మబద్ధంగా చేస్తే ఆరాధనలే. మరి మనసు ఎందుకు నిండదు?

ఖాళీ ఎక్కడి నుంచి వస్తుంది?

మన రోజును ఒకసారి విప్పి చూసుకుందాం. నా దుకాణం, నా కిస్తీలు, నా ప్లాటు, నా కొడుకు సీటు, నా ఆరోగ్యం. ఫజర్ నుంచి ఇషా దాకా ఈ "నా" చుట్టూనే తిరుగుతాం. చివరికి నమాజులో నిలబడినా నా పుణ్యం, నా స్వర్గం అనే లెక్కే. అత్తకాసుర్ సూరా (102) చెప్పే రోగం ఇదే. ఒకరికంటే ఒకరు ఎక్కువ కూడబెట్టుకోవాలన్న ధ్యాస మనిషిని సమాధి దాకా ఏమార్చి తీసుకుపోతుందని ఆ సూరా హెచ్చరిస్తుంది. సంపన్నత అంటే వస్తువులు ఎక్కువ ఉండటం కాదని, అసలు సంపన్నత మనసు సంపన్నతేనని దైవప్రవక్త (స) ప్రబోధించారు (బుఖారీ, ముస్లిం).

ఇంకో సూరా మనల్ని మరింత భయపెట్టాలి. అది అల్ మాఊన్ (107). మనలో చాలామందికి చిన్నప్పుడే కంఠస్థమైన సూరా. అనాథను గెంటేసేవాడిని, పేదవాడి అన్నం గురించి పట్టించుకోనివాడిని అది ధర్మాన్ని ధిక్కరించేవాడి వరుసలో నిలబెడుతుంది. తర్వాత నమాజు చేసేవారి వైపు తిరుగుతుంది. తమ నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండేవారికి, పరుల మెప్పు కోసం చేసేవారికి, మాఊన్ ఇవ్వడానికి నిరాకరించేవారికి వినాశం ఉందంటుంది. మాఊన్ అంటే ఇరుగుపొరుగు వారు ఒకరినొకరు అడిగి తీసుకునే గిన్నె, గొడ్డలి, చేద వంటి చిన్న చిన్న వస్తువులని వ్యాఖ్యాతలు అనేకమంది వివరించారు. అంటే ఇచ్చినా మనకు తరుగు లేనివి.

ఈ రోజుల్లో గిన్నె అడిగితే ఎవరూ కాదనరు. ఈనాడు మనం అందరికంటే ఎక్కువగా నిరాకరిస్తున్న మాఊన్ ఒకటే: పది నిమిషాల సమయం.

పది నిమిషాల బాకీ

ఇప్పుడు మా సంగతి చెబుతాం. చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ దాచుకుంటే ఇంకెవరికీ ఉపయోగపడదు.

మా మస్జిదుకు రోజూ వచ్చే ఒక పెద్దాయన ఉండేవారు. కుట్టుపని చేసి బతికేవారు. బట్ట కొలవడం తప్ప రాత నేర్చుకోలేదు. ఆయన నిజాయితీ ఎరిగిన కూలి జనం తమ చిన్న చిన్న డబ్బులు ఆయన దగ్గర దాచుకొనేవారు. షాబాన్ మాసంలో ఒకరోజు అసర్ తర్వాత ఆయన మా చెయ్యి పట్టుకొని, "మౌలానా! నలుగురి అమానత్ నా దగ్గర ఉంది. ఒకరిద్దరికి నేను బాకీ ఉన్నాను. పది నిమిషాలు కూర్చుంటే నేను చెబుతాను, మీరు కాగితం మీద రాసిపెట్టండి" అన్నారు.

మేము ఆ రోజుల్లో నిజంగానే తీరిక లేకుండా ఉన్నాం. పిల్లల పరీక్షలు, మదర్సా వార్షిక సభ, తరావీహ్ కోసం ఖుర్ఆన్ వల్లె వేసుకోవడం, రంజాన్ ప్రసంగాల తయారీ. "తప్పకుండా చాచా, ఒకటి రెండు రోజుల్లో కూర్చుందాం" అన్నాం. ఆ ఒకటి రెండు రోజులు రంజాన్ దాకా సాగాయి. ఇరవై ఏడో రాత్రి ఆయన మళ్లీ గుర్తుచేశారు. "మీకు తీరిక దొరికినప్పుడే, తొందరేం లేదు" అని తానే మమ్మల్ని ఊరడించారు. "ఈద్ కాగానే మొదటి పని ఇదే చాచా" అని మాటిచ్చాం.

షవ్వాల్ నాలుగో తేదీ, ఫజర్ తర్వాత, ఆయన అల్లాహ్ సన్నిధికి వెళ్లిపోయారు.

జనాజా నమాజు చేయించవలసింది మేమే. ఎవరి జనాజా అయినా తెస్తే, మృతునికి అప్పు ఉందా అని దైవప్రవక్త (స) అడిగేవారు. మేము కూడా జనం వైపు తిరిగి, ఈయన ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండని అడిగాం. ఆయన కొడుకులు ముందుకు వచ్చి, "మేము తీరుస్తాం మౌలానా సాబ్, ఎవరికి ఎంత ఇవ్వాలో మాకు తెలియదు" అన్నారు. ఎవరికి ఎంతో తెలిసిన ఒకే ఒక్క మనిషి మా ముందు కఫన్‌లో ఉన్నాడు. ఆయన చెప్పడానికి రెండుసార్లు మా దగ్గరికి వచ్చాడు. వినడానికి మాకు తీరిక దొరకలేదు.

రాయించవలసిన విషయం ఉన్న ముస్లిం, వీలునామా రాసి దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (స) చెప్పినట్టు బుఖారీ, ముస్లింలలో ఉంది. విశ్వాసి ఆత్మ అతని అప్పు తీరేదాకా దానికి వేలాడి ఉంటుందన్న హదీసును తిర్మిజీ నమోదు చేశారు. ఈ రెండు హదీసులూ మాకు కంఠస్థం. ఇంకా సిగ్గుచేటైన విషయమేమిటంటే, ఆయనకు ఇవ్వలేని సమయాన్ని వెచ్చించి మేము రంజాన్‌లో చేసిన ప్రసంగం పేరు "హుఖూఖుల్ ఇబాద్", అంటే తోటి మనుషుల హక్కులు.

తర్వాత కొన్ని జుమాలలో ప్రకటించాం. ముగ్గురు వచ్చి తమ లెక్క చెప్పారు. కొడుకులు తీర్చారు. ఆరు నెలలకు ఒక వితంతువు వచ్చింది. కూతురి పెళ్లి కోసం రెండు వేల నాలుగు వందలు దాచుకుందట. చనిపోయినవాడి పిల్లలను అడగడానికి మొహమాటపడి అన్నాళ్లు ఊరుకుందట. ఇంకా అలా మొహమాటపడి రానివారు ఎందరో అల్లాహ్‌కే ఎరుక.

సోదరులారా! మాకు ఆ రోజుల్లో తీరిక లేని మాట నిజం. మేము చేస్తున్నవన్నీ మంచి పనులే. అయినా తప్పు జరిగింది. ఎందుకంటే మా పనులన్నిటికీ మధ్యలో కూర్చున్నది అల్లాహ్ కాదు, ఆయన దాసులు కాదు. మేమే.

జుబైర్ (రజి) తోట, మన కాలువ

మా ప్రాంతం వారికి నీళ్ల ఉదాహరణ చెబితే త్వరగా అర్థమవుతుంది. 1955 డిసెంబర్ 10న పునాదిరాయి పడిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు వచ్చాకే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట భూములు వరి మళ్లయ్యాయి. మిర్యాలగూడ మిల్లులు ఆ వడ్లతోనే పెరిగాయి. కానీ ఆయకట్టులో ఉన్నవారందరికీ ఒక సంగతి తెలుసు. కాలువ మొదట్లో ఉన్నవాడు తన మడి తడిశాక కూడా నీళ్లను అడ్డగించి ఉంచుకుంటే, చివరి భూముల వాడి నారు ఎండిపోతుంది. అడ్డగించినవాడికి దక్కేదేమిటి? అవసరానికి మించి నిలిచిన నీటిలో అతని పంట కూడా మురుగుతుంది.

సరిగ్గా ఇలాంటి తగాదాయే దైవప్రవక్త (స) ముందుకు వచ్చింది. మదీనా శివార్లలో హజ్రత్ జుబైర్ (రజి) తోట కాలువకు ఎగువన ఉంది. ఒక అన్సారీ తోట దిగువన ఉంది. నీటి దగ్గర మాట పెరిగింది. దైవప్రవక్త (స) జుబైర్ (రజి)తో, నీ తోటకు పెట్టుకో, తర్వాత నీ పొరుగువాడికి వదులు అన్న భావంతో తీర్పు ఇచ్చారు. అవతలి వ్యక్తి దానికి కోపించి అనుచితంగా మాట్లాడాక, జుబైర్ (రజి)కు ఉన్న పూర్తి హక్కు ఎంతో స్పష్టం చేశారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లింలలో ఉంది. మొదట చెప్పిన మాటను గమనించండి. నీ తోట ఎండబెట్టుకొని వదలమని అనలేదు. నీకు పెట్టుకోమన్నారు. కానీ అక్కడితో ఆపమనలేదు.

సమయం కూడా కాలువ నీళ్లే. అల్లాహ్ వదిలితే వచ్చేదే. మనం తవ్వుకున్నది కాదు. మన ఇల్లు, మన పని ముందు తడవాలి. అందులో దోషం లేదు. అవి తడిశాక మడవ తీయాలి. "తీరిక దొరికితే ఇస్తాను" అనేవాడు కాలువ పొంగితే వదులుతాననే రైతు లాంటివాడు. పొంగే రోజు రాదు. తీరిక, ఆరోగ్యం అనే రెండు వరాల విషయంలో అనేకమంది నష్టపోతున్నారని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ).

వణికిన గుండెకు ఏది ధైర్యం?

హిరా గుహలో మొదటి వహీ వచ్చిన రోజును తలచుకోండి. దైవప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. తనకేమైనా అవుతుందేమోనని భయపడ్డారు. అప్పుడు హజ్రత్ ఖదీజా (రజి) ఆయనకు ఏం చెప్పి ధైర్యం ఇచ్చారు? మీ వ్యాపారం బాగుందని చెప్పలేదు. మీ వంశం గొప్పదని చెప్పలేదు. మీరు బంధుత్వాలను కలుపుకుంటారు, మోయలేనివారి బరువు మోస్తారు, లేనివారికి సంపాదించి పెడతారు, అతిథిని ఆదరిస్తారు, ఆపదలో ఉన్నవారికి అండగా ఉంటారు, అలాంటి మిమ్మల్ని అల్లాహ్ ఎన్నడూ అవమానపరచడు అన్న భావంతో ఓదార్చారు (బుఖారీ).

ఆ తల్లి లెక్కపెట్టిన మంచి పనులన్నీ ప్రవక్తపదవి రాకముందువి. ఆయన వ్యాపార ప్రయాణాలు చేస్తూ, సంసారం చూసుకుంటూ చేసినవి. అంటే భయం కలిగిన రాత్రి మనిషిని నిలబెట్టేది తాను కూడబెట్టుకున్నది కాదు, ఇతరుల కోసం మోసినది. ఇప్పుడు మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. రేపు మనకు అలాంటి భయం కలిగితే, మన భార్యగానీ, భర్తగానీ, పిల్లలుగానీ మన గురించి ఏ జాబితా చెప్పగలరు?

సేవకు వేరే రోజు అక్కరలేదు

ఒకనాడు దైవప్రవక్త (స) సహచరులను అడిగారు: ఈ రోజు ఉపవాసం ఉన్నదెవరు? జనాజా వెంట నడిచినదెవరు? పేదవానికి అన్నం పెట్టినదెవరు? రోగిని పరామర్శించినదెవరు? నాలుగు ప్రశ్నలకూ జవాబిచ్చినది హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఒక్కరే (ముస్లిం). ఆయన తీరిక ఉన్న మనిషి కాదు, బట్టల వర్తకుడు. ఖలీఫా అయ్యే ముందు ఆయన తన పేటలోని వారి మేకల పాలు పితికి ఇచ్చేవారని, ఖలీఫా అయ్యాక ఇక పితకరేమోనని ఒక ఆడపిల్ల అనుకుంటే, తప్పకుండా పితుకుతానని చెప్పి కొనసాగించారని చరిత్రకారులు రాశారు. ముస్లిం రాజ్య బాధ్యత అంతా నెత్తిన ఉన్న మనిషి అది. మనకంటే తీరిక ఉన్నవారా ఆయన?

సోదరీమణులు హజ్రత్ జైనబ్ బిన్త్ జహ్ష్ (రజి)ను తలచుకోవాలి. నా తర్వాత మీలో ముందుగా నన్ను కలిసేది పొడవాటి చేయి గల ఆమె అని దైవప్రవక్త (స) తన సతీమణులకు తెలిపారు. పొడవాటి చేయి అంటే దానం చేసే చేయి అని తర్వాత తెలిసింది. జైనబ్ (రజి) తన చేతులతో పని చేసి దానం చేసేవారు (ముస్లిం). ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకొని నాలుగు డబ్బులు సంపాదిస్తున్న మన అక్కాచెల్లెళ్లకు ఇంతకంటే దగ్గరి ఆదర్శం ఎక్కడుంది?

సూర్యుడు ఉదయించే ప్రతిరోజూ మనిషి ఒంట్లోని ప్రతి కీలుకూ ఒక సదఖా బాకీ ఉంటుందని దైవప్రవక్త (స) తెలిపారు. ఇద్దరి మధ్య న్యాయం చేయడం, ఒకరిని వాహనం ఎక్కించడంలో సాయపడటం, సామాను అందించడం, మంచి మాట చెప్పడం, దారిలో ముల్లు తీసేయడం, ఇవన్నీ సదఖాలేనన్నారు (బుఖారీ, ముస్లిం). చూడండి, ఇందులో ఏ ఒక్కదానికీ సెలవు పెట్టనక్కరలేదు. ఇవన్నీ దారిలో, బజారులో, పని మధ్యలో జరిగేవే.

2024 సెప్టెంబర్ 1న కుండపోత వానలకు కోదాడ వీధులు మునిగాయి. అదే రోజు పొరుగునున్న ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకున్నారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. అప్పుడు హర్యానాకు చెందిన జేసీబీ డ్రైవర్ సుభాన్ ఖాన్ తన బండిని ఆ వరదలోకి నడిపి తొమ్మిది మందినీ ఒడ్డుకు చేర్చాడు. అతని దగ్గర ప్రత్యేకమైన పరికరం లేదు. రోజూ మట్టి తవ్వే బండే. వంతెన మీద ఉన్నవారి కులమతాలు అడిగే వేళ కాదది. ఒక్క ప్రాణాన్ని కాపాడితే మానవజాతి అంతటినీ కాపాడినట్టేనన్న దివ్య ఖుర్ఆన్ బోధ (5:32) ఆ రాత్రి మన కళ్ల ముందే నిలిచింది.

అందరికీ వరద రాదు. కానీ అందరి చేతిలోనూ ఏదో ఒక బండి ఉంది. మందుల దుకాణం వాడికి చదువురాని ముసలమ్మకు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఓపికగా చెప్పడం ఉంది. ఆటో సోదరునికి గర్భిణిని బేరమాడకుండా ఆసుపత్రికి చేర్చడం ఉంది. మిల్లు యజమానికి హమాలీ కూలి సాయంత్రానికే చేతిలో పెట్టడం ఉంది. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది దైవప్రవక్త (స) ఆదేశం (ఇబ్ను మాజా). ఉద్యోగికి "రేపు రా" అనే మాటను ఒక్కసారైనా మింగడం ఉంది. గృహిణికి కూరలో కాస్త నీళ్లు ఎక్కువ పోసి పొరుగింటికి పంపడం ఉంది. ఇది కూడా దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కు నేర్పినదే (ముస్లిం).

రెండు గుంటలు

ఈ దారిలో రెండు గుంటలు ఉన్నాయి. జాగ్రత్తగా దాటాలి.

మొదటిది, ప్రదర్శన. ఈ రోజుల్లో ఒక అరటిపండు ఇచ్చి నాలుగు ఫోటోలు తీసుకుంటున్నాం. ఆ ఫోటో ఫోన్లలో తిరుగుతుంది. తీసుకున్నవాడి తల వంగిపోతుంది. పేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టి, మీ నుంచి ప్రతిఫలంగానీ కృతజ్ఞతగానీ ఆశించడం లేదనే పుణ్యాత్ములను దివ్య ఖుర్ఆన్ (76:8-9) కొనియాడింది. చేసిన మేలును ఎత్తిచూపి, మనసు నొప్పించి, దానాలను వృథా చేసుకోవద్దని హెచ్చరించింది (2:264). మెప్పు కోసం చేస్తే మళ్లీ "నా" దగ్గరికే వచ్చినట్టు. మనసు నిండదు.

రెండవది, ఇంటిని మరవడం. ఊరందరికీ పనికివచ్చే మనిషి, ఇంట్లో తల్లితో రెండు మాటలు మాట్లాడడు. భార్య జ్వరంతో ఉంటే గమనించడు. హజ్రత్ సల్మాన్ (రజి) తన సోదరుడు హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్లి, ఆయన ఆరాధనలో పడి ఇల్లాలిని మరచిన సంగతి గ్రహించారు. నీ ప్రభువుకు, నీ శరీరానికి, నీ ఇంటివారికి నీపై హక్కులున్నాయి, ఎవరి హక్కు వారికివ్వు అని బోధించారు. సల్మాన్ చెప్పింది నిజమని దైవప్రవక్త (స) సమర్థించారు (బుఖారీ). ఇంట్లో ఆయన (స) ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళకు బయటికి వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). కాలువ నీళ్లు ముందు తడపవలసింది ఇంటి మడినే.

ఈ రోజు నుంచే

మేము ఎవరికీ పెద్ద పనులు చెప్పడం లేదు. మేము చేస్తున్నదే చెబుతాం. ఆ పెద్దాయన పోయాక, ప్రతిరోజూ అసర్ తర్వాత కాగితం, కలం పట్టుకొని మస్జిదు మెట్ల మీద కొద్దిసేపు కూర్చోవడం అలవాటు చేసుకున్నాం. వచ్చినవారికి దరఖాస్తు నింపడం, ఉర్దూ ఉత్తరం చదివి పెట్టడం, అప్పులూ అమానతులూ రాసివ్వడం. వచ్చేవారిలో ముస్లిమేతర సోదరులూ ఉన్నారు. మొదట్లో దీన్ని శిక్షగానే భావించాం. కొన్ని నెలలు గడిచాక గమనించాం. రోజంతటిలో మేము మమ్మల్ని మరచిపోయే సమయం అదే. ఆ రోజు రాత్రి నిద్ర హాయిగా పట్టేదీ అందుకే. దాసుడు తన సోదరుని సాయంలో ఉన్నంత కాలం అల్లాహ్ ఆ దాసుని సాయంలో ఉంటాడన్న హదీసు (ముస్లిం) మేము మదర్సాలో ఏనాడో చదివాం. దాని అర్థం మాత్రం ఆ మెట్ల మీద తెలిసింది.

మీరు కూడా మీ పని లోపలే ఒక మడవ చూసుకోండి. రోజుకు పది నిమిషాలు చాలు. కానీ వాటిని తీరికకు వదలకండి, నమాజు వేళలాగా నిర్ణయించుకోండి. "తర్వాత చూద్దాం" అని మీరు ఎవరికి చెప్పారో ఈ రాత్రి గుర్తుచేసుకోండి. ఒక పేరైనా తప్పక తడుతుంది. రేపు ముందు అతని దగ్గరికి వెళ్లండి. మీ సొంత అప్పులు, అమానతులు కూడా కాగితం మీద పెట్టండి.

ఆ మెకానిక్ సోదరునికి మేము ఆలస్యంగానైనా ఈ మిగతా సగం చెప్పాం. అతను ఎక్కువ మాట్లాడలేదు. తర్వాతి కోతల కాలంలో కనిపించాడు. మబ్బు పట్టిన రాత్రుల్లో పెద్ద రైతు బండి కంటే ముందు, ఎకరం అరెకరం కోసుకోవలసినవాడి బండి బాగుచేస్తున్నానని చెప్పాడు. తండ్రి లేని ఒక కుర్రాడికి పని నేర్పుతున్నాడట. ఆ కుర్రాడు హిందూ కుటుంబానికి చెందినవాడు. "ఇప్పుడూ ఫుర్సత్ లేదు మౌలానా సాబ్! ఆ ఖాళీ మాత్రం కొంచెం తగ్గింది" అన్నాడు. పూర్తిగా పోయిందని అనలేదు. పూర్తిగా నిండే చోటు పరలోకమే కదా!

ఓ అల్లాహ్! మాకిచ్చిన సమయాన్ని మాలోనే నిలవబెట్టుకొని మురగబెట్టుకోకుండా మమ్మల్ని కాపాడు. మా ఇంటివారి హక్కులు, మా పొరుగువారి హక్కులు, మా దగ్గర పనిచేసేవారి హక్కులు నెరవేర్చే భాగ్యాన్ని ప్రసాదించు. మా గుమ్మం దాకా వచ్చి ఖాళీ చేతులతో వెళ్లిపోయినవారి విషయంలో మమ్మల్ని క్షమించు. అప్పులు చెప్పుకోలేక వెళ్లిపోయిన ఆ నీ దాసుని పట్ల నీవే బాధ్యత వహించి, అతని హక్కుదారులను నీ ఖజానా నుంచి తృప్తిపరచు. ఆమీన్.